నీ విమానం, నీ ఇష్టం

సేజ్‌ఫ్లాట్ రన్‌వే పక్కన షెడ్ల వరసలో ఎవరి విమానం వాళ్ళే తయారు చేసుకుంటారు. పెట్టెల్లో వచ్చిన రేకులు తీసి, బెజ్జాలు వేసి, రివెట్లు కొట్టి, ఏళ్ళ తరబడి దాని మీదే పడి ఉండి, చివరికి ఒకనాడు అందులో కూర్చుని ఎగిరిపోతారు. అలాంటివాళ్ళకి బుద్ధి చెప్పడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. అందుకే అక్కడ ఒక మర్యాద పుట్టింది. పక్కవాడి పనిలో తప్పు కనిపిస్తే తప్పని అనరు. "నీ విమానం, నీ ఇష్టం" అంటారు. విన్నవాడికి బుద్ధుంటే చేతిలో పని పక్కన పడేసి "ఏం చూశావు?" అని అడగాలి. అడిగితే చెబుతారు, కాఫీ చల్లారిపోయేదాకా చెబుతారు. అడక్కపోతే మాత్రం నోరు విప్పరు. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, అడగని సలహా ఆ వరసలో ఎవరూ పెట్టరు.

ఈ మర్యాద కనిపెట్టిన మహానుభావుడెవరో గాని, అతనికి కూతుళ్ళు ఉండి ఉండరు.

ఆల్డెన్ రస్క్ ఊళ్ళో హైస్కూలు బ్యాండు మేస్టారుగా చేసి రిటైరయ్యాడు. అతని విమానం సగం అతనిది, సగం భార్య వెర్లాది. రివెట్ కొట్టడం ఒంటిచేతి పని కాదు. బయటనుంచి ఒకరు కొడుతుంటే, లోపలివైపు ఇంకొకరు ఇనుప దిమ్మ అదిమి పట్టుకోవాలి. ఆ దిమ్మ పట్టింది వెర్లా. రెక్కల్లో, తోకలో, మనిషి దూరలేని సందుల్లోకి చెయ్యి పెట్టి, మోచేతులు గీసుకుపోతున్నా సరే, వేల రివెట్లకి దిమ్మ పట్టింది. రెక్క మూసేసే ముందు లోపల రేకు మీద ముగ్గురి పేర్లూ రాశారు. మూడో పేరు కూతురు కొరీన్‌ది. అప్పటికది పళ్ళు సరిచేసే తీగ కట్టుకున్న బడిపిల్ల.

ఆ విమానం బాగానే ఎగిరింది. వచ్చిన చిక్కల్లా ఊరితోనే. సేజ్‌ఫ్లాట్ కొండల నెత్తి మీద ఉన్న ఊరు. అక్కడ గాలే పలచన, ఎండాకాలం అది ఇంకా పలచనవుతుంది. జూలైలో మధ్యాహ్నంపూట ఇద్దరు ఎక్కితే రన్‌వే చివర కంచె దాటడానికి దేవుణ్ణి తలుచుకోవాల్సి వచ్చేది. కొండల అవతల వెర్లా అక్క ఉంది. ఆమె ఇంటికి ఎగిరి వెళ్ళాలని మొదటి రివెట్ కొట్టిన రోజునుంచీ అనుకోవడమే, ఆ కొండలు దాటింది లేదు.

"పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు పోదాం. ఉన్న ఇంజను బంగారంలా ఉంది కదా," అంది వెర్లా.

ఆల్డెన్ వింటేగా. ఎక్కడో నుజ్జయిన జపాన్ కారులోంచి టర్బో ఇంజను ఒకటి పట్టుకొచ్చాడు. పొగగొట్టంలోంచి వృథాగా పోయే వేడిగాలితో చిన్న చక్రం తిరుగుతుంది. ఆ చక్రం బయటి గాలిని పట్టి ఇంజను నోట్లో కుక్కుతుంది. గాలి ఎంత పలచనైనా ఇంజనుకి కడుపు నిండుతుంది. చెప్పడానికి ఇంతే. చెయ్యడానికి మాత్రం మూడు శీతాకాలాలు పట్టింది. దాన్ని పట్టి ఉంచే చట్రం దగ్గర్నుంచి నీళ్ళ రేడియేటరు దాకా ప్రతిదీ కొత్తగా ఆలోచించాల్సి వచ్చింది. ముక్కు బరువెక్కిందని బ్యాటరీ తోకలోకి మార్చాడు. అంతా అయ్యి, ఇంజను గుర్రుమన్న వారానికే ఆల్డెన్ గుండె మొరాయించింది. స్టెంటు వేసి బతికించిన డాక్టరు, ఇక విమానం నడపడం కుదరదని చెప్పేశాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా ఇంకో నిబంధన ఉంది. కొత్త ఇంజను పెట్టాక పరీక్షగా ఎగరాల్సిన గంటలు పూర్తయ్యేదాకా విమానంలో నడిపేవాళ్ళు తప్ప రెండో మనిషి కూర్చోకూడదు. అంటే తను నడపలేడు సరే, పక్కన కూర్చోడానికీ లేదు. ఆ ఇంజను ఏ వేడికి ఏ రాగం తీస్తుందో తెలిసిన మనిషి ప్రపంచంలో ఒక్కడే, వాడేమో నేల మీద ఉండాలి.

"నేను నడుపుతాలే నాన్నా. నువ్వు కింద కూర్చుని నా మీద అరుద్దువుగాని," అంది కొరీన్.

ఆమె పొలాల మీద మందు కొట్టే విమానం నడుపుతుంది. వేసవంతా కరెంటు తీగల కింద దూరి పైకి లేచే పిల్ల. ఆల్డెన్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన విమానం ఎగరాలి, ఎగరేసేది తన కూతురు. అంతకంటే ఏం కావాలి?

ఇక గాలి పైపు సంగతి. టర్బో నుంచి గాలిని ఇంజనుకి తీసుకెళ్ళే అల్యూమినియం పైపులు ఉంటాయి. వాటిని కలిపేది మందపాటి రబ్బరు గొట్టం, దాన్ని బిగించేది ఇనుప క్లిప్పు. రబ్బరు జారిపోకుండా పైపు చివర చుట్టూ చిన్న గట్టు ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆల్డెన్‌కి ఆ పైపుల రంగు నచ్చలేదు. మసకగా, వంటింట్లో పాత గిన్నెల్లా ఉన్నాయి. ఏడాదికోసారి షెడ్ల ముందు పాన్‌కేకుల ఫలహారం జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్ళనుంచి విమానాలు వాలతాయి. అందరూ ఒకరి ఇంజను మూత ఒకరు ఎత్తి చూసుకుంటారు. చివర్లో అందమైన పనితనానికి ఒక చెక్క ప్రొపెల్లరు బహుమతి. ఆల్డెన్ వారం రోజులు ఆ పైపుల్ని రుద్దాడు. మెరుగు పెట్టే చక్రం చివర గట్టు దగ్గర తగులుకుంటుంటే, ఆ గట్టును కూడా ఆకురాయితో అరగదీసి నున్నగా చేసేశాడు. ముఖం చూసుకోవచ్చు, అంత మెరుపు. క్లిప్పు గట్టిగా బిగిస్తే చాలనుకున్నాడు. తోకను పికప్ బండికి కట్టేసి ఇంజను పూర్తి జోరుతో తిప్పి చూశాడు. గొట్టం కదల్లేదు.

మూడు నిండు శీతాకాలాలు ఒళ్ళు హూనం చేసుకున్నవాడు ఆఖర్లో చేసిన పని అది.

పక్క షెడ్డు బర్ల్ ఆ రోజే వచ్చాడు. బర్ల్, ఆల్డెన్ ఒకే బళ్ళో చదువుకున్నారు, ఒకే అమ్మాయి వెంట పడ్డారు. ఆ అమ్మాయి ఇద్దర్నీ కాదని ఇంకెవరినో చేసుకుంది, ఆ పుణ్యాన స్నేహం నిలిచింది. బర్ల్ ఇంజను మీదకి వంగి, ఆ పైపు చివర బొటనవేలు పెట్టి రాశాడు. ఇంకోసారి రాశాడు.

"బాగా మెరుస్తోందిరా."

"మెరవదూ మరి! నీ షెడ్డులో తుప్పు చూసి చూసి నీ కళ్ళు పాడయ్యుంటాయి."

బర్ల్ నవ్వలేదు. చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. "నీ విమానం, నీ ఇష్టం," అన్నాడు.

మాట వినపడింది. దాని అర్థమూ తెలుసు. కాని ఆల్డెన్‌కి మొదట్నుంచీ ఒక అనుమానం ఉంది, బర్ల్‌కి కారు ఇంజన్లంటేనే పడదని. విమానానికి విమానం ఇంజనే ఉండాలని వాదించే ముసలిమూకలో అతనొకడు. మూడేళ్ళుగా ఆ దెప్పుళ్ళు వింటూనే ఉన్నాడు. ఇదీ వాటిలో ఒకటనుకున్నాడు.

"అవును. నాదే," అన్నాడు ఆల్డెన్.

బర్ల్ కాసేపు నిలబడ్డాడు, అడుగుతాడేమోనని. తర్వాత తన షెడ్డుకి వెళ్ళిపోయాడు.

ఫలహారం రోజు పొద్దున్న ఆకాశం కడిగినట్టుంది. షెడ్ల ముందు బల్లలు వేశారు. వెర్లా పెద్ద పెనం దగ్గర నిలబడి పాన్‌కేకులు తిరగేస్తోంది. వచ్చే విమానం వస్తూనే ఉంది.

"ఇంతమంది ముందు మొదటిసారి ఎందుకు? రేపు ఎగరొచ్చుగా," అంది వెర్లా, గరిటె ఆపకుండా.

"రేపు ఎవరుంటారు చూడ్డానికి?"

"నేనుంటా."

ఆల్డెన్ నవ్వి ఆమె భుజం తట్టి వెళ్ళిపోయాడు. కొరీన్ అప్పటికే సీట్లో కూర్చుని పట్టీలు బిగించుకుంటోంది. ఆల్డెన్ రెక్క మీదకి ఎక్కి, వెయ్యోసారి అన్నీ చెప్పాడు. నీళ్ళ వేడి, నూనె వేడి, జోరు పెంచే మీట ఎంత మెల్లగా తొయ్యాలో.

"నాన్నా, రాత్రి నిద్రలో కూడా ఇదే చదివాను. దిగు."

"ఇంకొక్కటి. పైన నాలుగు చుట్లు తిరిగాక, అంతా బాగుంటే, ఒకసారి బల్లల మీదుగా కిందికి వచ్చి పైకి లాగు. ఎలా ఎక్కుతుందో బర్ల్‌గాడు కళ్ళారా చూడాలి."

కొరీన్ అతని వైపు ఒక్క క్షణం చూసింది. మొదటి రోజు అలాంటి వేషాలు వెయ్యరని ఆమెకి తెలుసు. ముసలాయన ముఖం చూసి కాదనలేకపోయింది.

"సరే. నువ్వు చెయ్యూపు, నేను లాగుతా."

లేచింది. ఎలా లేచిందనుకున్నారు! పాత ఇంజను రన్‌వే చివరిదాకా ఈడ్చుకుంటూ పోయేది. ఇది సగంలోనే నేల విడిచి, ఎండలో తెల్లగా మెరుస్తూ, నిచ్చెన ఎక్కినట్టు ఎక్కిపోయింది. బల్లల దగ్గర జనం ఫోర్కులు పట్టుకునే లేచి నిలబడ్డారు. ఎవరో ఈలవేశారు. ఆల్డెన్ చేతి రేడియో గుండెలకి అదుముకుని నిలబడ్డాడు. ఆ ఇంజను శ్రుతి ఎక్కడా తప్పలేదు. ఈ ఒక్క స్వరం కోసమే తను మూడేళ్ళు బతికాననిపించింది.

"నాన్నా, ఎంత హాయిగా ఎక్కుతోందో! వేడి కూడా బాగానే ఉంది," అంది రేడియోలో కొరీన్.

అప్పుడొచ్చాడు బర్ల్. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో ముట్టని పాన్‌కేకులు. రంగు పోయిన ముఖం.

"ఆల్డెన్. ఆ పైపు చివర గట్టు మళ్ళీ పెట్టావా?"

"ఏ గట్టు?"

"అరగదీశావు చూడు. రబ్బరు జారకుండా ఉండేది. అది మళ్ళీ వేయించావా, అలాగే వదిలేశావా?"

ఆల్డెన్‌కి మొదట కోపం వచ్చింది. "నేల మీద పూర్తి జోరుతో తిప్పాను, కదల్లేదు."

"నేల మీద ఎంతసేపు? రెండు నిమిషాలా? పైన వేడికి రబ్బరు మెత్తబడుతుందిరా. నున్నటి పైపు మీద క్లిప్పు ఏం ఆపుతుంది? మళ్ళీ పూర్తి జోరు ఇచ్చిందంటే ఊడుతుంది."

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా!"

"చెప్పాను. నువ్వు అడగలేదు."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. వారమంతా ఆ మాట మింగలేక, కక్కలేక తిరిగినవాడు, పిల్ల గాల్లోకి లేచాక కక్కాడు. బర్ల్‌ని తిట్టి ప్రయోజనం ఏముంది? అతను మర్యాద తప్పలేదు. ఆల్డెన్ కళ్ళ ముందు ఆ పైపు మెరిసింది. తన బొటనవేలికే ఆ నునుపు తగిలినట్టనిపించింది. అందానికి పెట్టుకున్న సొమ్ము ఆపదలో ఆదుకుంటుందంటారు. ఈ సొమ్ము ఆపదనే వెంటబెట్టుకొచ్చింది.

అయినా భయపడక్కర్లేదు. జోరు తగ్గించి మెల్లగా దిగమంటే చాలు. ఒక్క మాట. ఆల్డెన్ రేడియో మీట నొక్కాడు.

"కొరీన్, జోరు తగ్గించు, కిందికి—"

కీచుమంది. చుట్టుపక్కల చిన్న రన్‌వేలన్నిటికీ ఒకటే రేడియో దారి. ఒకరు మాట్లాడుతుండగా ఇంకొకరు నొక్కితే ఇద్దరి మాటా గంగలో కలుస్తుంది. ఆ పొద్దున్న ఫలహారానికి వచ్చేవాళ్ళు వరసకట్టి ఉన్నారు. ఒకాయన తన విమానం రంగు, తను ఎక్కడున్నదీ, ఎటు తిరుగుతున్నదీ తీరిగ్గా చెబుతున్నాడు. అది అయ్యిందో లేదో ఇంకొకామె అందుకుంది. ఆల్డెన్ మళ్ళీ నొక్కాడు. మళ్ళీ కీచుమంది.

"...నాన్నా, నువ్వేనా? ముక్కలు ముక్కలుగా వస్తోంది. మళ్ళీ చెప్పు."

"జోరు—"

"పాన్‌కేకులు అయిపోలేదు కదా?" అని ఎవడో పరాచికమాడాడు. ఇంకెవడో నవ్వాడు. ఆ నవ్వు కింద ఆల్డెన్ మాట నలిగిపోయింది.

"సరే నాన్నా, ఏం వినపడట్లేదు. వస్తున్నా, చూస్తూ ఉండు."

ఎవరూ చెడ్డవాళ్ళు కారు. పైన ఉన్న ఏ ఒక్కరికి తెలిసినా ప్రాణం పోయినా నోరు తెరిచేవారు కాదు. వాళ్ళకి తెలియదు, ఆల్డెన్ చెప్పలేడు. నోరుండీ మూగవాడయ్యాడు.

విమానం దూరంగా తిరిగి, ముక్కు వంచి, రన్‌వే మీదుగా బల్లల వైపు దూసుకొస్తోంది. ఆల్డెన్ రేడియో బర్ల్ చేతిలో పడేసి పరిగెత్తాడు. డాక్టరు పరిగెత్తొద్దన్న మనిషి. రన్‌వే పక్క గడ్డిలోకి పోయి, రెండు చేతులూ తల మీదకి ఎత్తి, అడ్డంగా ఊపాడు. వద్దు, వద్దు, వద్దు. గొంతు చించుకుని అరిచాడు. వెనక బల్లల దగ్గర జనానికి ముసలి బ్యాండు మేస్టారు సంబరం పట్టలేక గంతులేస్తున్నట్టు కనిపించింది. చప్పట్లు కొట్టారు. కొందరు తామూ చేతులూపారు.

అప్పుడు గుర్తొచ్చింది అతనికి, ఎగిరే ముందు కొరీన్ ఏమందో. నువ్వు చెయ్యూపు, నేను లాగుతా.

చేతులు దించేశాడు. అప్పటికే ఆలస్యమైంది. కొరీన్ అతన్ని చూసింది. రెక్కలు ఇటూ అటూ ఊపింది, చిన్నప్పుడు స్కూలు బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపినట్టు. మీట చివరిదాకా తోసి ముక్కు పైకి లాగింది.

టప్‌మని ఒక చప్పుడు. పెద్దదేమీ కాదు. సీసా మూత తీసిన చప్పుడు. ఆ వెంటనే ఇంజను స్వరం జావగారిపోయింది, ఊదేవాడికి ఊపిరి అయిపోయినట్టు. వెనక నల్లటి పొగ. ముక్కు ఇంకా ఆకాశం వైపే ఉంది, కింద నేల ఇంకా దగ్గర్లోనే ఉంది, లాగే బలం మాత్రం లేదు. విమానం గాల్లో అలా వేలాడింది. ఆల్డెన్‌కి ఆ క్షణం ఎంతకీ గడవలేదు. దాన్ని కట్టిన తన చేతులు రెండూ పక్కన వేలాడుతున్నాయి, వాటితో చెయ్యగలిగింది గడ్డిపోచంత కూడా లేదు. తర్వాత ముక్కు దభీమని కిందికి వంగింది. రన్‌వే చివర గుట్ట ఉంది. విమానం ఆ గుట్ట వెనక్కి జారి కనపడకుండా పోయింది.

ఏమీ వినపడలేదు. మంట లేదు, చప్పుడు లేదు. అదే భయంగా ఉంది.

రేడియోలో అందరూ నోరు మూసుకున్నారు. చూసినవాళ్ళెవరో చెప్పి ఉంటారు. ఇందాకటినుంచీ ఒక్క మాటకి చోటివ్వని దారి ఇప్పుడు ఖాళీగా, నిశ్శబ్దంగా ఉంది. ఇప్పుడు ఏం చెప్పినా వినపడుతుంది. బర్ల్ రేడియో తెచ్చి చేతిలో పెట్టాడు.

"కొరీన్," అన్నాడు ఆల్డెన్. "కొరీన్. అమ్మా."

జవాబు లేదు.

"బండి తాళాలేవి?" వెర్లా వచ్చింది. చేతిలో ఇంకా గరిటె ఉంది. "ఆల్డెన్! తాళాలు!"

తాళాలు అతని జేబులోనే ఉన్నాయి. వెర్లాయే జేబులో చెయ్యి పెట్టి తీసి బర్ల్‌కిచ్చింది. గుట్ట చుట్టూ తిరిగి పోయే మట్టిదారి మీద బండి ఎగిరెగిరి పడింది. మధ్యలో పశువుల కంచె, గేటుకి గొలుసు. ఆల్డెన్ దిగాడు గాని ఆ గొలుసు విప్పలేకపోయాడు. వెర్లా అతన్ని పక్కకి నెట్టి విప్పింది. దారి పొడుగునా ఒక్కటే అడిగింది, "ఏమైంది దానికి? నీకు తెలుసు. నీ ముఖమే చెబుతోంది. ఏమైంది?" ఆల్డెన్ లోపల దేవుడితో బేరమాడుతున్నాడు. విమానం తీసుకో, ఈ గుండె తీసుకో, పిల్లని వదిలెయ్.

గుట్ట అవతల కోతకొచ్చిన గడ్డి చేను. దాని మధ్య విమానం తలకిందులు కాలేదు, ముక్కు నేలకి ఆనించి, తోక ఎత్తి నిలబడి ఉంది. చక్రాలు వెనక్కి విరిగాయి. ప్రొపెల్లరు ముక్కలైంది. పక్కనే, గడ్డిలో నడుము లోతున, కొరీన్ నిలబడి ఉంది.

వెర్లా బండి ఆగకముందే దూకి పరిగెత్తింది. తల్లీకూతుళ్ళు ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని అలాగే ఉండిపోయారు. కొరీన్ పెదవి చిట్లి రక్తం కారుతోంది. ఇంకేం కాలేదు. ఆల్డెన్ గడ్డిలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. బతికింది. అంతకంటే ఏం కావాలి?

తేరుకుని లేచేసరికి కొరీన్ మళ్ళీ విమానం దగ్గరకి వెళ్ళింది. ఇంజను మూత ఒక పక్కకి విప్పేసి ఉంది. వాళ్ళు రాకముందే తనే విప్పింది. రబ్బరు గొట్టం ఊడి వేలాడుతోంది. దాని క్లిప్పు బిగించింది బిగించినట్టే ఉంది. పైపు మాత్రం ఎండలో ధగధగ మెరుస్తోంది, చిన్న గీత కూడా పడలేదు. కొరీన్ ఆ పైపు చివర బొటనవేలు పెట్టి చుట్టూ రాసింది. ఇంకోసారి రాసింది. తలెత్తి తండ్రి వైపు చూసింది.

ఆల్డెన్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. తోచనివాడు వాగుతాడు. "గట్టు మళ్ళీ వేయిస్తానమ్మా. రెండేసి క్లిప్పులు పెడదాం. ఇంజనుకేం కాలేదు, చూడు, చెక్కు చెదరలేదు. చక్రాలు తెప్పిద్దాం. శీతాకాలంలో మీ అమ్మ, నేను కూర్చుని... వచ్చే వేసవికి..."

బర్ల్ ముఖం పక్కకి తిప్పుకున్నాడు. వెర్లా దిమ్మ పట్టి పట్టి మచ్చలు పడిన తన మోచేతులు పట్టుకుని నిలబడింది.

కొరీన్ చాలాసేపు విన్నది. పెదవి మీద రక్తం చేతి వెనకతో తుడుచుకుంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నీ విమానం, నాన్నా," అంది. "నీ ఇష్టం."

తల్లి చెయ్యి పట్టుకుని బండి వైపు నడిచింది.

ఆల్డెన్ ఆ మాట ఎంతమందితో అన్నాడో, ఎంతమంది తనతో అనగా విన్నాడో. ఇప్పుడు మాత్రం కాళ్ళీడ్చుకుంటూ, గడ్డి తన్నుకుంటూ ఆమె వెనక రెండడుగులు వేశాడు.

"ఏం చూశావు?" అన్నాడు. ఆమె నడుస్తూనే ఉంది. మళ్ళీ అడిగాడు, "కొరీన్, ఏం చూశావు? చెప్పమ్మా, వింటాను."

కొరీన్ ఆగింది. వెనక్కి తిరుగుతుందనుకున్నాడు. ఆమె తిరగలేదు. తల్లిని ముందు ఎక్కించి, తనూ ఎక్కి, బండి తలుపు వేసుకుంది.